మూడు రోజుల తిండి వేరు, ఏడాది గింజలు వేరు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో వానలు ముదరకముందే ఇంట్లో సిద్ధం చేసి పెట్టుకోవాల్సిన ఎమర్జెన్సీ కిట్ అని ఒక పట్టిక వేశారు. టార్చి, మందులు, ఆధార్ కాగితాలు, అంతా బాగానే ఉంది. తిండి దగ్గరికొచ్చేసరికి డబ్బా బీన్స్, ట్యూనా చేప, ప్రోటీన్ బార్లు అని రాశారు. కర్నూలు పాతబస్తీలో ట్యూనా డబ్బా ఏ కొట్లో దొరుకుతుందో కూడా రాసుంటే పోయి తెచ్చుకునేవాళ్లం. మా అత్త బతికుంటే ఆ డబ్బాను తెరవనిచ్చేది కూడా కాదు, అది వేరే సంగతి.

నేను రాయడానికి కారణం ఉంది. 2009 అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజు, తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినప్పుడు మేం ఆరుగురం మిద్దె మీద రెండు రాత్రులున్నాం. నీళ్లు వస్తున్నాయని అరుపులు వినబడగానే చేతికందినవన్నీ పైకి చేరవేశాం: టీవీ, పిల్లల సర్టిఫికెట్లు, పట్టుచీరలు. తిండి సంగతి ఒక్కరికీ తట్టలేదు. తట్టినా చేసేదేమీ లేదనుకోండి. కింద రెండు బస్తాల సోనా బియ్యం, పది కిలోల కందిపప్పు, నూనె క్యాను, ఏడాదికి సరిపడా చింతపండు ఉన్నాయి. పొయ్యి మునిగింది, సిలిండరు తేలింది, సంపులో మురుగు కలిసింది. నీళ్లూ మంటా లేనప్పుడు బియ్యం బస్తా అయితేనేం, ఇసుక బస్తా అయితేనేం? ఆ రెండు రోజులూ మా పిల్లల్ని కాపాడింది మా అత్త చంకన పెట్టుకుని ఎక్కించిన ఒక బొరుగుల (మరమరాల) డబ్బా. అందులోనే అడుగున పప్పులు (దుకాణాల్లో పుట్నాలంటారు), బెల్లం ముక్కలు. ఆమె దాన్ని వరద కోసం పెట్టుకోలేదు, రాత్రిపూట ఆకలేస్తే నమలడానికి మంచం కింద పెట్టుకునేది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. మూడు రోజుల కిట్టు వేరు, ఏడాది నిల్వ వేరు. మొదటిదానికి ఒకటే పరీక్ష: పొయ్యి వెలిగించకుండా, నీళ్లు పోయకుండా నోట్లో వేసుకోగలమా లేదా? ఈ పరీక్షకు బియ్యం, రవ్వ, సేమ్యా అన్నీ ఫెయిలే. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి పోయినేడు ఆన్‌లైన్‌లో ఏదో ఎమర్జెన్సీ ఫుడ్ తెప్పించి పంపాడు, ప్యాకెట్ మీద పాతికేళ్లు నిల్వ ఉంటుందని ఉంది, కింద చిన్నక్షరాల్లో మరిగే నీళ్లు పోయాలని ఉంది. నాకు అరవై దాటాయి, పాతికేళ్ల తర్వాత దాన్ని ఎవరు తినాలో మా వాడికే తెలియాలి.

మా ఇంట్లో ఇప్పుడు ఐదుగురం. అటక మీద ఒక మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో బొరుగులు 2 కిలోలు, పప్పులు కిలో, వేయించిన బుడ్డలు (వేరుశనగలు) కిలో, బెల్లం కిలో, ఎండు ఖర్జూరం అర కిలో పెట్టాను. మా ఆయనకు షుగర్, ఆయన వాటా పప్పులు, బుడ్డలు ఎక్కువ, బెల్లం ఒక చిన్న ముక్క, అదీ కళ్లు తిరిగితేనే. మూడు రోజులు కడుపు నిండా అని చెప్పను, నీరసపడి పడిపోకుండా గడుస్తాయి. ఊరగాయ, కారం మరమరాలు, ఉప్పు బిస్కెట్లు వద్దు, దాహం పెంచుతాయి. నీళ్లు మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్క వేసుకుంటే మా ఐదుగురికి మూడు రోజులకు 60 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. అవి కూడా పైనే. ఇంకో మాట, ఎవరూ పేపర్లో రాయరు కాబట్టి నేనే రాస్తున్నా: మిద్దె మీద ఆడవాళ్లు బాత్రూముకు భయపడి నీళ్లు తాగడం మానేస్తారు. నేనూ మానేశాను, రెండో రోజుకి కళ్లు బైర్లు కమ్మాయి. రెండు దుప్పట్లు, ఒక మూత బకెట్ కిట్టులో భాగమే అనుకోండి.

బొరుగులు నెల దాటితే మెత్తబడతాయి, వేయించిన బుడ్డలు పాత నూనె వాసన కొడతాయి. అందుకని ప్రతి అమావాస్యకు డబ్బా దించి బొరుగులు ఉగ్గాని చేసేస్తాను, బుడ్డలు ఊరుబిండి పచ్చడికి పోతాయి, మళ్లీ కొత్తవి నింపుతాను. పిల్లలకు ఇప్పుడు అమావాస్య అంటే ఉగ్గాని, బజ్జీ. పారేసేది ఉండదు, తేదీలు రాసుకునే పనీ ఉండదు.

ఇక ఏడాది గింజల సంగతి. మా అత్తది ఆలూరు వైపు పల్లె. వాళ్ల ఇంటి ముందు జొన్నల పాతర ఉండేది, అంటే గింజలు దాచే నేల గొయ్యి, పైన రాతి బండ, దాని మీద మన్ను. లోపల గాలి ఆడదు, ఉన్న గాలిలోని ప్రాణవాయువును గింజలు, లోపలున్న పురుగులే పీల్చేసుకుంటాయి, పురుగు బతకదు. మనిషికీ అదే ప్రమాదం, అందుకే పాతర తెరవగానే ఎవరూ దిగరు, ముందు దీపం దించి చూస్తారు, ఆరిపోతే ఇంకా ఆగుతారు. ఇప్పుడు ప్యాకెట్లలో ఆక్సిజన్ పీల్చే పొట్లాలని వేస్తున్నారే, అదే పని మన పాతర ఎప్పటి నుంచో చేస్తోంది. పాతర ఇప్పుడు తవ్వమని కాదు. కడిగి బాగా ఆరబెట్టిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాల్లో కందిపప్పు, జొన్నలు మెడదాకా నింపి మూత బిగిస్తే చాలావరకు అదే పని చేస్తాయి. గింజలు ఎండలో పెట్టి తెచ్చిన వేడి మీద మాత్రం నింపకండి, చల్లారనివ్వాలి, లేకపోతే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది.

ఏది నిలుస్తుందో కూడా చూసుకోవాలి. పొట్టుతో ఉన్న కొర్రలు ఏళ్ల తరబడి ఉంటాయి, అదే కొర్రబియ్యం చేసి పెడితే కొన్ని నెలలకే చేదెక్కుతాయి. సజ్జపిండి అయితే వారం కూడా ఆగదు. తెల్ల బియ్యం తడి తగలకుంటే చాన్నాళ్లుంటాయి, ఆరోగ్యమని ముడిబియ్యం బస్తా తెచ్చి దాచుకునేవాళ్లు ఆరు నెలల్లో తినేయాలి, దాని తవుడులో నూనె ఉంటుంది. బుడ్డలు కాయలుగానే ఉంచండి. గింజ మీద పచ్చబూజు కనబడితే వేయించుకు తినేద్దాం అనుకోవద్దు, ఆ విషం వేడికి పోదు. పురుగుకు వేపాకు, పప్పుకు ఆముదం చాలు. గోదాముల్లో వాడే గ్యాస్ బిళ్లలు ఇంట్లోకి తేవద్దండి, చేతులెత్తి చెప్తున్నా, ఆ గ్యాసు ముందు పడుకున్న మనుషుల్ని తీసుకుపోతుంది.

వరద తీశాక మా వీధిలో తడిసిన బియ్యం దుప్పట్ల మీద ఎండబెట్టారు. మేమూ బెట్టాం. బస్తాల మీద అంత డబ్బు పెట్టాం మరి, మనసొప్పలేదు. మురుగు తాకిన గింజ ఎండినా మురుగే అని వాంతులు, విరేచనాలు మొదలయ్యాక తెలిసింది, అత్తకు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. మీరు మళ్లీ పట్టిక వేస్తే ట్యూనా తీసేసి ఈ ఒక్క లైను పెద్దక్షరాల్లో వేయండి.

అన్నట్టు, మా డబ్బాలో అగ్గిపెట్టె, చిన్న కత్తి, ఓఆర్‌ఎస్ పొట్లాలతో పాటు మిద్దె తలుపు తాళంచెవి కూడా ఉంటుంది. ఆ రోజు దాన్ని వెతకడానికే పావుగంట పట్టింది, నీళ్లు అప్పటికి రెండో మెట్టు మీదున్నాయి.

ఇట్లు
ఒక గృహిణి, పాతబస్తీ, కర్నూలు