పెట్రోల్ ఇంజిన్ బిగించే ముందు ఒక్క మాట

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం రేడియో కంట్రోల్ మోడల్ విమానానికి 20 సీసీ పెట్రోల్ ఇంజిన్ బిగించుకునేవాళ్ళు ఇది చదివాకే డ్రిల్లు చేతపట్టండి.

గ్లో ఇంజిన్ (మెథనాల్ ఇంధనంతో నడిచే చిన్న మోడల్ ఇంజిన్) అలవాటుతో దీన్ని బిగించకండి, దీని అదురు వేరు. పోయినేడాది నా విమానం దిగాక కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) విప్పి చూస్తే, నాలుగు బోల్టుల్లో రెండు వేళ్ళతోనే తిరిగాయి. ఫైర్‌వాల్ (ఇంజిన్ బిగించే ముందు పలక) ప్లైవుడ్‌లోకి వాషర్లు దిగబడి, చుట్టూ పొర నలిగి, నూనె పీల్చి నల్లబడింది. ఇంకో రెండు చక్కర్లు కొట్టి ఉంటే ఇంజిన్ ఊడి వచ్చేదేమో! అప్పట్నుంచి వెనకవైపు పెద్ద వాషర్లు, ప్రతి బోల్టు మరకూ నీలం థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టుకునే జిగురు) వాడుతున్నాను. ఫైర్‌వాల్‌కి ముందే పల్చగా ఎపాక్సీ పూయండి. మొదటి ట్యాంకు అయ్యాక బిగువు మళ్ళీ చూడాల్సిందే.

చాలామంది తప్పేది కుడి థ్రస్ట్ దగ్గర, అంటే విమానం ఎడమకు లాగకుండా ఇంజిన్ని కాస్త కుడికి తిప్పి బిగించే చోట. ఇంజిన్ కుడికి 2 డిగ్రీలు తిప్పితే ప్రొపెల్లర్ మధ్యగీత దాటి కుడికి పోతుంది. ఫైర్‌వాల్ నుంచి ప్రొపెల్లర్‌కి 150 మి.మీ. ఉంటే ఆ తేడా 5 మి.మీ. పైమాటే. అందుకే పైలట్ కూర్చునే వైపు నుంచి చూసి, ఇంజిన్ని అంతమేర ఎడమకు జరిపి రంధ్రాలు గుర్తుపెట్టుకోండి.

సిలికాన్ గొట్టం పెట్రోల్‌కి పనికిరాదు, ఉబ్బిపోతుంది. పెట్రోల్‌ని తట్టుకునే టైగాన్ గొట్టం వాడండి. ఇగ్నిషన్ బాక్సు రేడియో రిసీవర్‌కి వీలైనంత దూరంగా ఉండాలి. కిల్ స్విచ్ (ఇంజిన్ని వెంటనే ఆపే స్విచ్) లేకుండా మాత్రం దయచేసి స్టార్ట్ చేయకండి.

రంధ్రాలు వేసేముందు గుర్తుల ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.