మగాడు ఏడిస్తే కడప పరువు పోతుందా?

సంపాదకులు గారికి,

మా ఊరి హాల్లో జరిగిన నాట్య ప్రదర్శన గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక వార్త వేశారు. ‘నాట్యం పేరుతో కుర్చీలాట’ అని దానికి హెడ్డింగ్. అది చదివి ఒక పాఠకుడు ‘సీమ మగతనాన్ని కించపరిచారు, ఇది పాశ్చాత్య పోకడ’ అని ఉత్తరం రాస్తే దాన్నీ వేశారు. ఎవరైనా జవాబు రాస్తారని ఇన్నాళ్ళూ చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు మీ వార్త సంగతి. అందులో సగం ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథుల పేర్లే. ఆడిన పిల్లల పేరు ఒక్కటి కూడా లేదు. ముఖ్య అతిథి లేచి వెళ్ళినప్పుడే మీ విలేకరి కూడా వెళ్ళిపోవడం హాల్లో ఉన్న మేమందరం చూశాం. సగమే చూసినదాన్ని కుర్చీలాట అని తేల్చెయ్యడం ఏం న్యాయం?

ఆ రోజు రానివాళ్ళ కోసం ఏం జరిగిందో చెబుతాను. స్టేజీ మీద ఒక పొడవాటి బల్ల, చుట్టూ ఆఫీసు కుర్చీలు. తెల్ల చొక్కా, టై, మెడలో ఐడీ కార్డులతో మన జిల్లా మగపిల్లలు. పగలు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు నాట్యం నేర్చుకున్న పిల్లలు. స్పీకర్లో మేనేజర్ గొంతు వినిపిస్తూ ఉంటుంది. ఈ నెల టార్గెట్ ఎంత, ఎవరు ఎంత వెనకపడ్డారు అని. ఆ గొంతు పెరిగితే వీళ్ళ వెన్నులు బిగుసుకుంటాయి, తగ్గితే మెడలు వాలిపోతాయి. ఆ గొంతు నవ్వితే అందరూ ఒకే తాళంలో నవ్వుతారు. షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటూనే ఒకరి చెయ్యి ఒకరు నలిపేస్తారు. తిట్లు తిన్న పిల్లాడొకడు వెంటనే ఫోన్ తీసి, అప్పు కంతు కట్టలేదని ఒక పల్లెటూరి ఆడమనిషిని అవే మాటలతో బెదిరిస్తాడు. ఫోన్ పెట్టేసి బల్ల కింద దూరి ఏడుస్తాడు. మిగతావాళ్ళు చూడనట్టు కుర్చీలు అటు తిప్పుకుంటారు.

సరిగ్గా అక్కడ, ముఖ్య అతిథిగా వచ్చిన అధికారికి టైమైపోయిందని హాల్లో లైట్లు వేశారు. ఆయన మైకు తీసుకుని ‘మగపిల్లోళ్ళు ఏడ్చేదేందప్పా, కడప గడ్డ మీద పుట్టి’ అన్నారు. ముందు వరస చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత శాలువాలు, మెమెంటోలు, ఫోటోలు. పాపం, ఆ పిల్లలు చెమటతో తడిసిన చొక్కాలతో చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డారు. పెద్దలు వెళ్ళాక సగం ఖాళీ అయిన హాల్లో మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా ఆడారు. బల్ల కింది పిల్లాడు బయటికొచ్చి ఒక్కొక్కరి కుర్చీనే ఇటు తిప్పుతాడు. స్పీకర్లో గొంతు మాట్లాడుతూనే ఉంటుంది, కానీ దానికి ఇక ఎవరి ఒళ్ళూ కదలదు. మీ విలేకరి చూడకుండా వెళ్ళిపోయింది దీన్నే.

పాశ్చాత్య పోకడ అని రాసిన పెద్దమనిషి ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి వెళ్ళి మాచుపల్లి కైఫీయత్తు, అంటే ఆ ఊరి పాత చరిత్ర రాసిపెట్టిన రికార్డు, అడిగి చదవాలి. సిద్ధవటం సీమను ఏలిన సమ్మెట గురవరాజు, పైకం కట్టలేని వాళ్ళ ఆడవాళ్ళను చెప్పడానికి నోరు రాని విధంగా హింస పెట్టించేవాడు. ఆ దారిన వచ్చిన కూచిపూడి భాగవతులు అది చూసి విజయనగరం వెళ్ళి, వీరనరసింహరాయల ఎదుట ఆ ఘోరాన్నే వేషం కట్టి చూపించారు. ఒకరు గురవరాజు, ఒకరు ఆ ఆడమనిషి, ఇద్దరు బంట్రోతులు. అది చూసిన రాజు సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి చంపించాడని కైఫీయత్తు చెబుతుంది. కూచిపూడి గురించి మనకు దొరికే పాత సాక్ష్యాల్లో ఇదొకటి. సిద్ధవటం కడప నుంచి బస్సులో గంట ప్రయాణం కూడా లేదు. వసూళ్ళ పేరుతో ఆడవాళ్ళను ఏడిపించే దొరను ఆడి చూపించిన కథ మన జిల్లాది. అప్పు వసూళ్ళ వేధింపులు ఎంత ముదిరితే 2010లో మన రాష్ట్రంలో మైక్రో ఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. ఈ పిల్లలు ఆ బంట్రోతు లోపల ఏమవుతుందో కూడా చూపించారు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

బయటి దేశాలవాళ్ళూ ఈ పని చేశారు. చేస్తే నేర్చుకోవడానికి నామోషీ ఎందుకు? 1932లో కుర్ట్ యోస్ అనే జర్మన్ నాట్య దర్శకుడు పారిస్‌లో ‘ది గ్రీన్ టేబుల్’ ప్రదర్శించారు. నల్ల కోట్ల పెద్దమనుషులు పచ్చ బల్ల చుట్టూ చేరి మర్యాదలు ఒలకబోసుకుంటూ యుద్ధం తెచ్చిపెడతారు. ఎందరో చచ్చాక మళ్ళీ అదే బల్ల దగ్గర, అవే మర్యాదలు. మరుసటి ఏడాదే నాజీలు బృందంలోని యూదులను తీసెయ్యమంటే ఆయన తియ్యలేదు, దేశమే వదిలి వెళ్ళారు. 2016లో కెనడాకు చెందిన నాట్య దర్శకురాలు క్రిస్టల్ పైట్ ‘ది స్టేట్‌మెంట్’లో నలుగురు ఉద్యోగులను మీటింగ్ బల్ల చుట్టూ నిలబెట్టి, తప్పు ఎవరి మీదికి తొయ్యాలా అనే వాదనను రికార్డు చేసిన మాటలకు ఒళ్ళు కదిలిస్తూ ఆడించారు. మన దేశంలో నాట్య దర్శకురాలు చంద్రలేఖ 1985లోనే ‘అంగిక’లో భరతనాట్యాన్నీ, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టునూ ఒకచోటికి తెచ్చారు. నాట్యమంటే నగలూ పట్టుచీరలే అనుకునేవాళ్ళకు ఇవన్నీ కుర్చీలాటలుగానే కనబడతాయి.

ఇక మగతనం మాట. సీమ అంటే సుమోలు, కత్తులు, తొడ కొట్టడం అని సినిమావాళ్ళు ఏళ్ళ తరబడి చూపిస్తే ఎవరి పరువూ పోలేదు. మనమే టిక్కెట్లు కొని ఈలలు వేశాం. కూచిపూడి కళాకారులు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కట్టి నడిచొస్తే జనం రెప్ప వెయ్యకుండా చూశారు, మగాడు జడ వేసుకున్నాడని ఎవరూ గోల పెట్టలేదు. మరి ఒక పిల్లాడు ఆఫీసు బల్ల కింద ఏడిస్తే ఇంత రాద్ధాంతమా?

మా అబ్బాయి ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ళ పని చేసి మానుకున్నాడు. ఆ రోజుల్లో రాత్రి ఇంటికొచ్చి అన్నం ముందు నోరు తెరవకుండా కూర్చునేవాడు. ఏమైందిరా అంటే ‘ఏం లేదుమా’ అనేవాడు. పెళ్ళయి బిడ్డ ఉన్నవాడు, ఆ రోజు హాల్లో ఆ ఫోన్ సీను వచ్చినప్పుడు చీకట్లో నా చెయ్యి పట్టుకున్నాడు. ప్రదర్శన అయ్యాక, అప్పటి సంగతులు మొదటిసారి నోరు విప్పి చెప్పాడు. ఇన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నేను రాబట్టలేని మాటలు ఆ పిల్లల ఆట రాబట్టింది. అందుకే మీ హెడ్డింగ్ చూసి నాకు ఒళ్ళు మండింది.

అసలు మన పిల్లలు ఊళ్ళు వదిలి ఆ బల్లల చుట్టూ ఎందుకు చేరుతున్నారో ఏ అధికారైనా ఆలోచించారా? మన జిల్లా ఉక్కు ఫ్యాక్టరీకి 2018లో ఒకసారి, 2019లో ఇంకోసారి, 2023లో మళ్ళీ పునాది రాళ్ళు వేశారు. వేసినప్పుడల్లా ఇక్కడే ఉద్యోగాలన్నారు. ఆ మాట నమ్మి ఆగినవాళ్ళకు వయసు దాటిపోతోంది. ఊళ్ళో పని చూపించలేనివాళ్ళు, ఊరుగాని ఊళ్ళో పడ్డ అవస్థను పిల్లలు ఆడి చూపిస్తే మైకు లాక్కుని బుద్ధులు చెబుతారు.

హాలు సంగతి కూడా రాయకుండా ఉండలేను. కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల సంబరాలకు రోజంతా ఇస్తారు. ఈ పిల్లలకు మాత్రం సాయంత్రం కొన్ని గంటలు, పూర్తి అద్దె, పైన డిపాజిట్. ఫ్యాన్లు సగం తిరగలేదు. ఆడవాళ్ళ బాత్రూముకు తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కే తెలియదు. మెట్ల దగ్గర లైటు లేక ముసలివాళ్ళం సెల్‌ఫోన్ వెలుగులో దిగాం. 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వచ్చిన ఊరు మాది. ఆట ఆడటానికి సరైన చోటు మాత్రం లేదు.

మీరు చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఆడిన పిల్లల పేర్లు, వాళ్ళు ఏం ఆడారో ఈసారైనా వెయ్యండి. ఈ ప్రదర్శనకు హాలు మళ్ళీ ఇవ్వమని మీ పేపరు తరఫున అధికారులను అడగండి. అతిథులు వస్తే మా అందరితో పాటు కింద కూర్చుని చివరిదాకా చూడాలి, మధ్యలో లైట్లు వెయ్యకూడదు. టిక్కెట్ పెట్టినా కొనుక్కుని వస్తామని మా కాలనీ ఆడవాళ్ళు చాలామంది చెప్పారు. మీ విలేకరికి టిక్కెట్ నేనే కొంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
ఎన్జీఓ కాలనీ, కడప