ఫ్యూజు తీయమని చెప్పడం సలహా కాదు

సంపాదకుడు గారికి,

మీ వాహనాల పేజీలో ఆ ప్రశ్న-జవాబు వచ్చి పది రోజులైంది. తెలిసినవాళ్లెవరైనా ఖండిస్తారని, లేదా మీరే సవరణ వేస్తారని ఎదురుచూశాను. ఏదీ రాలేదు కాబట్టి రాస్తున్నాను. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లైటు, వేగం పెంచేటప్పుడు చక్రాలు జారి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లైటు ఒకేసారి వెలుగుతున్నాయని అడిగిన పాఠకుడికి మీ నిపుణుడు మూడు మాటలు చెప్పారు: రెండు వ్యవస్థలూ పాడయ్యాయి, ఏబీఎస్‌ను నడిపించే మాడ్యూల్ మార్చాలి, అప్పటిదాకా దాని ఫ్యూజు తీసేసి నడుపుకోవచ్చు. మూడూ తప్పే. మూడోదైతే ప్రమాదకరం కూడా.

రెండు లైట్లు వెలిగినంత మాత్రాన రెండు లోపాలున్నట్టు కాదు. చక్రాల వేగం చెప్పే సెన్సర్ల లెక్క మీదే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ రెండూ పనిచేస్తాయి. ఒక్క చక్రం లెక్క అందకపోయినా రెండూ ఆగిపోతాయి. అలా అందకపోవడానికి మాడ్యూలే పోనక్కర్లేదు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వంగే చోట సెన్సర్ వైరు తెగవచ్చు, కనెక్టర్‌లోకి నీరు చేరవచ్చు, చక్రంతో పాటు తిరుగుతూ సెన్సర్‌కు వేగం తెలిపే పళ్ల రింగు తుప్పు పట్టవచ్చు, పగలవచ్చు. బ్యాటరీ బలహీనపడినా ఈ లైట్లు వెలుగుతాయి. ఇంజిన్‌లో లోపం వచ్చినప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ ఒక్కటే ఆగిపోయే కార్లూ ఉన్నాయి. ఇవేవీ చూడకుండా, కారులో అత్యంత ఖరీదైన భాగాల్లో ఒకదాన్ని మార్చమని ఉత్తరం చదివి ఎలా చెప్పగలిగారు?

నాకింత కోపం రావడానికి కారణం ఉంది. నా కారు ముందు చక్రం బేరింగు మార్పించుకుని ఇల్లు చేరేలోపే ఈ రెండు లైట్లూ వెలిగాయి. మార్చిన వర్క్‌షాపుకే తిరిగి వెళ్లాను. కారులో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టి, ఆ చక్రం సెన్సర్ కోడ్ వచ్చిందని కొత్త సెన్సర్ వేశారు. లైట్లు ఆరలేదు. అయితే మాడ్యూలే పోయిందన్నారు. వాళ్ల మాట నమ్మకుండా వేరే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఏ భాగమూ విప్పకుండా స్కానర్‌ను నా చేతికిచ్చి, కారు నెమ్మదిగా నడుపుతూ నాలుగు చక్రాల వేగం చూడమన్నారు. మూడు కదులుతున్నాయి, ఒకటి సున్నా దగ్గరే ఉంది. బేరింగు విప్పితే సంగతి తెలిసింది. ఇలాంటి బేరింగులకు ఒకవైపు సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది. అది సెన్సర్ వైపు ఉండాలి. తిరగేసి బిగించారు! కోడ్ చెప్పేది ఎక్కడ వెతకాలన్నది మాత్రమే. వెతికే పని మనిషిదే. ఆ పని చేయకుండా భాగాలు మార్చుకుంటూ పోవడాన్ని రిపేరు అంటున్నాం.

పైగా మామూలు చిన్న స్కానర్లలో చాలావరకు 'పి'తో మొదలయ్యే ఇంజిన్ కోడ్లనే చదువుతాయి. ఏబీఎస్ కోడ్లు ఎక్కువగా 'సి'తో మొదలవుతాయి. వాటిని చదవగలిగే స్కానర్ కావాలి. 'కోడ్ ఏదీ రాలేదు' అని పంపించేసే వర్క్‌షాపులను ఈ సంగతి అడగండి.

ఇక ఫ్యూజు మాట. ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు సాధారణంగా పనిచేస్తాయి, కానీ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి స్టీరింగ్ మాట వినదు. ఫ్యూజు తీస్తే ఆ లోపం పోదు. వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని సర్ది ఇచ్చే ఈబీడీ కూడా చాలా కార్లలో అదే మాడ్యూల్‌లో ఉంటుంది, దాన్నీ కోల్పోతాం. ఏబీఎస్ లైటుతో పాటు ఎర్రటి బ్రేకు లైటు కూడా వెలిగితే బండిని పక్కకు ఆపి, బ్రేక్ ఆయిల్ చూసుకోవాలి. ట్రాక్షన్ లైటు జారే రోడ్డు మీద మిణుకుమంటే అది పనిచేస్తోందని అర్థం. ఈ నాలుగు మాటలు రాయడానికి మీ పేజీలో చోటు లేకపోయిందా?

1978లో బాష్ తయారుచేసిన ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లోకి వచ్చింది. అర్ధ శతాబ్దం కావస్తోంది. ఇప్పటికీ పాత కారు అమ్మేవాళ్లలో కొందరు ఆ లైటు కనబడకుండా బల్బే తీసేస్తున్నారు. తాళం తిప్పగానే లైటు కొద్ది సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే అనుమానించాలి. తనిఖీ చేసే అధికారులకు ఇది చూడటానికి పట్టేది అంతసేపే. హారన్ మోగిందా, కాగితాలున్నాయా అని అడిగి ముద్ర వేసేవాళ్లు ఒక్కసారి డ్యాష్‌బోర్డు వైపు వంగి చూడరు. బ్రేకుల విషయంలో ఈ అలసత్వాన్ని ఎన్నాళ్లు భరించాలి?

అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. ఆ పాఠకుడు మీ మాట విని ఫ్యూజు తీసి ఉంటే, ముందు దాన్ని తిరిగి పెట్టమని చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు