మా నాన్నను బతికించిన గుర్రాల గురించి కేంద్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి

గౌరవనీయులైన కేంద్ర మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను కృష్ణా జిల్లా దివిసీమలో పుట్టి పెరిగినవాడిని. ఒక వానాకాలం మా నాన్న నారుమడిలో నారు తీస్తుండగా రక్తపింజర కాటు వేసింది. ఆస్పత్రిలో ఆయన రక్తం కొంచెం తీసి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదల్చకుండా ఉంచారు. తర్వాత గొట్టం వంచితే రక్తం నీళ్లలా జారింది. పది సీసాల విరుగుడు మందు సెలైన్‌లో కలిపి ఎక్కించారు. ఆరు గంటలకు మళ్లీ అదే పరీక్ష చేశారు. అప్పటికీ రక్తం గడ్డకట్టలేదు. ఇంకో పది సీసాలు పట్టాయి. తెల్లవారుజామున నర్సమ్మ గొట్టం వంచి చూపించింది. రక్తం గడ్డగా నిలబడి ఉంది. ఆ క్షణం నేను చచ్చేదాకా మరిచిపోను.

ఖాళీ సీసా ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ మందు గుర్రం రక్తం నుంచి తీసినదని దాని మీద చిన్న అక్షరాల్లో ఉంది. అప్పటిదాకా నాకు ఆ సంగతి తెలియదు. మా ఊళ్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

తెలిశాక ఊరుకోలేక చదవడం మొదలుపెట్టాను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్నీ మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ నెలల తరబడి గుర్రాలకు ఎక్కిస్తారు. వాటి ఒళ్లు ఆ విషంతో పోరాడి యాంటీబాడీలను తయారుచేసుకుంటుంది. అప్పుడు మెడ నరం నుంచి రక్తం తీస్తారు. అందులోని ద్రవాన్ని వేరుచేసి శుద్ధి చేస్తే మన మందు వస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ విషం, మళ్లీ రక్తం, ఇలా ఏళ్లపాటు. సూది గుచ్చిన చోట వాపులు, పుళ్లు లేస్తాయి. హద్దు మీరి రక్తం తీస్తే జీవం నీరసించిపోతుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్బర్ట్ కాల్మెట్ 1890లలో పాము విషానికి ఇలా విరుగుడు తీయవచ్చని చూపించాడు. 130 ఏళ్లు కావస్తున్నా మనం ఆ దారిలోనే ఉన్నాం.

ఎలుకల సంగతి ఎవరూ మాట్లాడరు. మందు బలం తేల్చడానికి విషాన్నీ మందునూ కలిపి చిట్టెలుకలకు ఎక్కించి, ఎన్ని బతికాయో లెక్కపెడతారు. అంతకుముందు విషం తీవ్రత ఎంతో తెలియాలి. సగం ఎలుకలు చచ్చే మోతాదే దానికి కొలమానం.

గుర్రాలను వదిలిపెట్టమని నేను అడగడం లేదు. అలా అడిగే నోరు నాకు లేదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అంటే ఏటా సగటున దాదాపు 58 వేల మంది. అందులో ఎక్కువమంది పల్లెవాళ్లే. 2018 వానాకాలంలో మా దివిసీమలో పాముకాట్లు వరసపెట్టి పడినప్పుడు జనం పొలంలో కాలు పెట్టడానికే భయపడ్డారు. ఈ మందు లేకపోతే మాకు దిక్కు లేదు.

నా బాధ వేరే ఉంది. మా నాన్నకు ఇరవై సీసాలు ఎందుకు పట్టాయి? ఆ రోజు డాక్టరు గారిని అడగలేదు, మిమ్మల్ని అడుగుతున్నాను. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషాన్ని అణచగలిగితే చాలన్నది మన ప్రమాణం. దశాబ్దాలుగా అది మారలేదు. సీసాలో ఉండే యాంటీబాడీలలో చాలా భాగానికి పాము విషంతో సంబంధమే లేదు, అవి గుర్రం ఒంట్లో మామూలుగా ఉండేవే. పైగా మందు తయారీకి వాడే విషంలో అధిక భాగం మహాబలిపురం దగ్గర పాములు పట్టే ఇరుల తెగవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. వాళ్లు పట్టేవి ఆ చుట్టుపక్కల పాములు. ఒకే జాతి పామైనా ప్రాంతాన్ని బట్టి విషం మారుతుందని, ఒకచోట పనిచేసిన మందు మరోచోట అంతగా పనిచేయకపోవచ్చని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపించారు. మందు బలంగా ఉంటే తక్కువ సీసాలతో రోగి కోలుకుంటాడు. సీసాలు తగ్గినకొద్దీ గుర్రం మెడలో దిగే సూదులూ తగ్గుతాయి. బలహీనమైన మందు కోసం ఒక జీవాన్ని పదేపదే గుచ్చడం నాకు అన్నిటికంటే పెద్ద అన్యాయంగా తోస్తోంది.

2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. సంతోషం. కానీ మందు ఇలాగే ఉంటే, ఆ లెక్కకు ఇంకా ఎన్ని గుర్రాలు కావాలి?

జంతువుల మీద ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీ మీ శాఖ కిందే ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, తప్పించగలిగిన చోట ప్రయోగాలు తప్పించాలని, వాడే జంతువును ముందూ తర్వాతా బాగా చూసుకోవాలని చెబుతోంది. చక్కటి మాటలు. కానీ కమిటీ ఆదేశం మీరితే అదే చట్టం రాసిన జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. అది ఒక సీసా మందు ధరకు కూడా సరిపోదు. దీన్ని సవరించండి. ఆరోగ్య శాఖతో కూర్చుని మందు ప్రమాణాన్ని పెంచండి. మా ప్రాంతపు పాముల విషం కూడా తయారీలో చేరేలా చూడండి.

మార్పు మనకు చేతకాని పని కాదు. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని 2014లోనే ఆపేశాం. కొత్త మందుల పరీక్షల్లో జంతువులకు బదులు కణాలతో, కంప్యూటర్ నమూనాలతో చేసే పద్ధతులకు 2023లో నిబంధనల్లో చోటిచ్చాం. బెంగళూరు శాస్త్రవేత్తలు అమెరికా వారితో కలిసి గుర్రం అవసరం లేని యాంటీబాడీని రూపొందించి 2024లో ప్రకటించారు. దాన్నీ ఎలుకల మీదే పరీక్షించారు, ఆ నిజం దాచను. అయినా గుర్రాన్ని విడిపించే దారి అదే. దానికి డబ్బు ఇవ్వండి.

ప్రయోగాలు ముగిసిన జంతువులకు పునరావాసం కల్పించాలన్నది మీ కమిటీ చెప్పే సూత్రమే. రక్తం ఇచ్చి ఇచ్చి వయసుడిగిన గుర్రం చివరికి ఎక్కడికి చేరుతోంది? మందు తయారుచేసే ఒక్కో చోట ఎన్ని గుర్రాలున్నాయి, వాటిని చివరిసారి తనిఖీ చేసింది ఎప్పుడు, అధికారులు ఏం చూశారు? ఆ నివేదికలను మా భాషల్లో అందరికీ అందుబాటులో పెట్టండి. మా నాన్న ఈ ఏడాది కూడా నారుమడిలోకి దిగుతున్నాడు. ఆయనకు నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
దివిసీమకు చెందిన ఒక రైతు కొడుకు