సీటీసీల తన టిఫిన్ డబ్బ ఖాళీ చేసి ఇచ్చిన చాచాకు షుక్రియా

నిన్న పొద్దున తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం బిల్లులు) మళ్ల రావుడు మొదలైంది. రెండు రాత్రులైంది పండుకోక, రాతల తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణాలకు బిల్లింగ్ నడిపే మా చిన్న ఆఫీసు సంగతి మీల కొందరికి ఎరుకే. మిర్చి సీజన్ల జెండా పాట (రోజు మొదటి వేలం) కాంగనే కాంటాలు, లెక్కలు అన్నీ ఒక్కపారే సర్వర్ మీద పడ్తయ్. 128 జీబీ మెమరీ సాల్తలేదు. డేటాబేస్ స్వాప్‌ల, అంటే మెమరీ సాలక నెమ్మదిగ నడిచే డిస్క్ మీద, పడ్డది, ఒక్క పట్టీ తీయనీకి మూడు నిమిషాలు. అమ్మిన బస్తాల పక్కన కూసున్న రైతుకు ఏం చెప్పాలె?

256 చేద్దామని నాలుగు 32 జీబీ మెమరీ స్టిక్కులు ఆన్‌లైన్ల తెప్పిచ్చిన. తప్పు నాదే. పాతయి ఆర్‌డిమ్‌లు, వచ్చినయి ఎల్‌ఆర్‌డిమ్‌లు, వేర్వేరు రకం మెమరీలు, రెండిటిని కలిపితే సర్వర్ లేవదు. లేవలే. అమ్మినోళ్లు సీలు విప్పినంక వాపస్ లేదన్నరు. యాడాదికోపారి పైసలు కట్టించుకునే మెయింటెనెన్స్ కంపెనీ ఒక టికెట్ నంబర్ ఇచ్చి ఊకున్నది. ఆ నంబర్ నాకిప్పుడు నోటికొచ్చు.

1959లనే పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ వచ్చిన ఊరు మనది, మడికొండల ఐటీ పార్కు ఉన్నది. సర్వర్ మెమరీ కావాలంటే మాత్రం కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్ పోవాలె. సరే, అది వేరే కత.

సీటీసీకి, అంటే సికింద్రాబాద్‌ల కంప్యూటర్ సామాన్లు అమ్మే కాంప్లెక్స్‌కు, పోయేసరికి పొద్దుగూకుతున్నది. నాలుగు దుకాణాలు తిరిగిన, ఐదోది చాచాది. గడ్డం తెల్లగైన మనిషి, రోజా (ఉపాసం) ఉన్నడు. నేను పోంగనే పదహారు 8 జీబీ స్టిక్కులు ఇయ్యమన్న. మెమరీ పెట్టే 24 స్లాట్లల ఎనిమిదే నిండినయ్, మిగిలిన పదహారు నింపితే లెక్క సరిపోతదని నా తెలివి. ఆయన డబ్బులు లెక్కపెట్టలే, 'సర్వర్ ఏది, ప్రాసెసర్ ఏది' అని అడిగిండు. రెండు జియాన్ ఈ5 వీ4 అని చెప్పిన.

'గన్ని తీస్కోకు బేటా. ఒక్క ప్రాసెసర్‌కు మెమరీకి పోయే నాలుగు తొవ్వలు, అంటే చానళ్లు, చానల్‌కు మూడు స్లాట్లు. మూడోది నింపితే 2400 స్పీడుల ఉర్కేది 1866కు పడ్తది. పాతయి గూడ గంతే నడుస్తయ్.' కాగితం మీద గీసి చూపెట్టిండు. చానల్‌కు సెకనుకు 19.2 జీబీ పోయే కాడ 14.9 అయితది. పాతయసొంటియే ఇంకెనిమిది 16 జీబీలు రెండో వరుసల పెట్టి, మూడో వరుస ఇడ్సిపెట్టమన్నడు. 'నీ బోర్డు చానల్‌కు రెండు పెట్టినా 2400ల్నే నడుస్తది.'

ఒకవేళ స్పీడు తగ్గేదుంటే, తక్కువ తీసుకొని స్పీడ్‌గ ఉంచుకునుడే మంచిది కాదా అన్న. నవ్విండు. 'స్వాప్‌ల పడ్డంక 2400 అయితేంది, 1866 అయితేంది? ముందుగాల సరిపోను ఉండాలె. స్పీడు తర్వాత.'

పదహారు అమ్ముకునే మనిషి ఎనిమిదే ఇచ్చిండు. ఒక్కొక్కటి తన సర్వర్ల పెట్టి టెస్టు చేసుకుంట కూసున్నడు. నడిమిట్ల అజాన్ అయింది. ఇంటికాడికెల్లి వచ్చిన డబ్బ విప్పి, ఒక ఖర్జూరం నోట్లేసుకొని, మిగిలిందంత నా ముంగట పెట్టిండు. నేను పొద్దుగాలటి నుంచి తినలేదని ఎట్ల ఎరుకైందో. తిన్న. తినుకుంట ఏడుపొచ్చింది, సిగ్గయితది గానీ నిజం.

అయినంక డబ్బ కడిగి, తుడిచి, ఆరబెట్టి, స్టిక్కులను కవర్లల పెట్టి అండ్లనే సర్దిండు. 'బస్సుల జనం మీద పడ్తరు, ఇరుగుతయ్.' సగం పైసలే తీసుకున్నడు. నా నాలుగు ఎల్‌ఆర్‌డిమ్‌లు అమ్మిపెడ్తనని తన కాడనే పెట్టుకున్నడు. రాత్రి రెండింటికి ఫోన్: 'లేసిందా?' అప్పుడే తెర మీద 256 జీబీ, 2400 అని పడ్డది. లేసింది చాచా అన్న. 'అల్లా మాలిక్, పండుకో' అని పెట్టేసిండు.

నా భార్య, తమ్ముడు ఆ రాత్రి నా ఎంబడే ఉన్నరు. వాళ్లకు వేరే చెప్పేదేమున్నది.

డబ్బ ఇంకా మా ఇంట్లనే ఉన్నది. ఉత్త డబ్బ వాపస్ ఇయ్యొద్దని అమ్మ సకినాలకు బియ్యం నానబోసింది. పండుగ లోపట పోయి ఇచ్చొస్త.

అయ్యో, మర్చిపోయిన: ఉప్పల్‌ల కదిలిన బస్సు ఆపి ఎక్కిచ్చుకున్న కండక్టరక్క. రాత్రి కరెంటు పోతే తమ ఇన్వర్టర్ నుంచి వైరు గుంజిచ్చిన పక్కింటి సారు. పోచమ్మ మైదాన్‌ల స్క్రూడ్రైవర్ కోసం షట్టర్ లేపిన పిలగాడు, స్క్రూడ్రైవర్ నా కాడనే ఉన్నది తమ్మీ, రేపు తెస్త.