ఏ కణంలో చూశారో కూడా రాయండి

సంపాదకుల వారికి,

వానలు మొదలవగానే డెంగీ కేసుల లెక్కలతో పాటు ‘వైరస్‌కు ఆసరా ఇస్తున్న మానవ ప్రొటీన్ దొరికింది, త్వరలోనే మందు’ అనే తరహా వార్తలు కూడా కనిపిస్తుంటాయి. వార్తలో చెప్పిన పరిశోధన నిజమే అయినా, ఆ ప్రయోగం ఏ కణాల్లో చేశారన్న వివరం మాత్రం తరచూ ఉండదు. అది లేకపోతే వార్తకు ఎంత విలువ ఇవ్వాలో పాఠకుడికి తెలియదు.

డెంగీ వైరస్ జన్యుపదార్థం సుమారు 10,700 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ. దాని నుంచి తయారయ్యేది పది ప్రొటీన్లే. మిగతా పనంతా మన కణంతోనే చేయించుకుంటుంది. ఆ సాయం చేసే జన్యువులను పట్టుకోవడానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో చేసే వెతుకులాట, అంటే క్రిస్పర్ స్క్రీన్. ఒక్కో కణంలో ఒక్కో జన్యువును చెడగొట్టి, వైరస్‌ను వదిలి, బతికి బయటపడ్డ కణాల్లో ఏ జన్యువు చెడిందో చూస్తారు. చెప్పడానికి ఇంతే. చేయడంలోనే ఉంది కష్టమంతా.

ఏ జన్యువును కత్తిరించాలో క్రిస్పర్‌కు చూపే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను గైడ్ అంటారు. బాగా వాడుకలో ఉన్న బ్రునెల్లో అనే గైడ్‌ల సంకలనంలో (లైబ్రరీ) 19,114 జన్యువులకు 76,441 గైడ్‌లు ఉంటాయి. ఒక్కో గైడ్‌కు కనీసం 500 కణాలు ఉండాలనుకుంటే 3.8 కోట్ల కణాలు కావాలి. ఒకే కణంలోకి రెండు గైడ్‌లు వెళ్తే ఏ జన్యువు వల్ల కణం బతికిందో తేలదు. అందుకే గైడ్‌లను కణాల్లోకి మోసుకెళ్లే వాహక వైరస్‌ను (లెంటీవైరస్) పది కణాలకు మూడు చొప్పున, పలచగా ఇస్తారు. అలా ఇస్తే నాలుగో వంతు కణాలకే గైడ్ అందుతుంది కాబట్టి మొదట్లో దాదాపు 15 కోట్ల కణాలు పెంచాలి. గైడ్ అందని వాటిని ప్యూరోమైసిన్ అనే మందుతో చంపి, ఉన్న పాత ప్రొటీన్ అరిగిపోయేదాకా వారం, పది రోజులు ఆగి, అప్పుడు డెంగీ వైరస్‌ను ఇస్తారు. పోల్చి చూడటానికి వైరస్ ఇవ్వని కణాలను కూడా పక్కనే, అదే వేగంతో పెంచాలి.

తరచూ దెబ్బతినేది చివర్లో, డీఎన్‌ఏ దగ్గర. ఏ గైడ్ ఎన్ని కణాల్లో ఉందో తెలియాలంటే కణాల డీఎన్‌ఏ తీసి, అందులోని గైడ్‌ల భాగాన్ని పీసీఆర్‌తో పెంచి లెక్కపెట్టాలి. వైరస్ ఇవ్వని ఆ కణాల్లో 3.8 కోట్ల నుంచి దాదాపు 250 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ వస్తుంది. అదంతా ఎందుకులే అని 10 మైక్రోగ్రాములే పీసీఆర్‌లో వేస్తే అందులో ఉన్నది 15 లక్షల కణాల సమాచారమే, అంటే గైడ్‌కు ఇరవై కణాలు. అంత శ్రమపడి కాపాడుకున్న 500 అక్కడే ఆవిరైపోతుంది. ఆ తర్వాత వచ్చే జాబితాలో ఏది నిజమో, ఏది యాదృచ్ఛికమో చెప్పలేం.

జాబితా బాగా వచ్చినా అది ఆ కణానికి సంబంధించినదే. 2016లో స్టాన్‌ఫర్డ్ బృందం కాలేయ కణాల్లో డెంగీతో వెతికితే ప్రొటీన్లకు చక్కెరలు తగిలించే ఓఎస్‌టీ యంత్రాంగం పైకి తేలింది. అదే ఏడాది సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం మనిషి మూత్రపిండం నుంచి వచ్చిన 293టీ కణాల్లో, డెంగీకి బంధువైన వెస్ట్ నైల్ వైరస్‌తో మొదలుపెట్టి ఎస్‌పీసీఎస్1 అనే జన్యువు దగ్గరికి చేరింది. రెండూ గట్టి పరిశోధనలే. కానీ కణం బతకడానికే తప్పనిసరైన జన్యువులు ఇలాంటి స్క్రీన్‌లో కనబడవు, వైరస్ కంటే ముందే ఆ కణాలు చనిపోతాయి. ఒకటి పోతే ఇంకొకటి ఆ పని చేసిపెట్టే జంట జన్యువులూ దొరకవు.

కణం మారితే ఏమవుతుందో 2020లో దేశమంతా చూసింది. క్లోరోక్విన్ కరోనా వైరస్‌ను ఆపుతుందని తేలింది వీరో కణాల్లో. అవి ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి వచ్చినవి. వాటిలో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైమ్ దాదాపు ఉండదు కాబట్టి వైరస్ ఎండోజోమ్ అనే ఆమ్ల సంచి గుండా లోపలికి వెళ్తుంది, క్లోరోక్విన్ ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మన ఊపిరితిత్తుల కణాల్లో ఆ ఎంజైమ్ ఉంది. వైరస్ కణం పైపొర దగ్గరే దారి చేసుకుంటుంది, ఎండోజోమ్‌తో దానికి పని లేదు. ‘కాలు-3’ (Calu-3) అనే ఊపిరితిత్తుల కణాల్లో ఆ మందు పనిచేయలేదని జర్మనీ బృందం 2020 జులైలో ప్రచురించింది. ఈలోగా క్లోరోక్విన్‌కు దగ్గరి మందైన హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం జనం ఎగబడి, రోజూ దాని మీదే ఆధారపడే లూపస్ (శరీర రక్షణ వ్యవస్థే శరీరంపై దాడి చేసే జబ్బు) రోగులు దుకాణాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఇది మమ్మల్ని ఇప్పటికీ బాధిస్తుంది.

ఈ దారిలో మందులే రావని కాదు. మన కణాల మీద ఉండే సీసీఆర్5 అనే ప్రొటీన్ హెచ్‌ఐవీకి తలుపులాంటిదని 1996లో తెలిస్తే, దాన్ని మూసే మారావిరాక్ అనే మందుకు 2007లో అమెరికాలో అనుమతి వచ్చింది. పుట్టుకతోనే సీసీఆర్5 లేనివాళ్లు మామూలుగా బతుకుతున్నారన్న సంగతి అక్కడ పెద్ద భరోసా. అన్ని ప్రొటీన్లకూ అలాంటి భరోసా ఉండదు.

కాబట్టి ఇలాంటి వార్త రాసేటప్పుడు విలేకరులు పరిశోధన పత్రంలోని ‘పద్ధతులు’ విభాగం తెరిచి చూడాలి. కణం పేరు అక్కడ ఉంటుంది. చెడగొట్టిన జన్యువును తిరిగి పెడితే వైరస్ మళ్లీ పెరిగిందా, అది లేకుండా కణం ఆరోగ్యంగానే ఉందా అన్నవి ఫలితాల్లో దొరుకుతాయి. విశ్వవిద్యాలయాల పత్రికా ప్రకటనల్లో ఇవి తరచూ ఉండవు. పరిశోధకులకు ఫోన్ చేసి అడిగినా చెబుతారు.

— వైరాలజీ పరిశోధకులం కొందరం, హైదరాబాద్