డిపాజిట్లు ఉన్నాయి కదా అని అప్పులిచ్చేస్తే...

సంపాదకులు గారికి,

చిన్న అప్పుల కోసం వేరే సంస్థలెందుకు, ఊరూరా ఉన్న పొదుపు బ్యాంకులతోనే ఇప్పిస్తే పోలా అన్న మాట తరచూ వినిపిస్తోంది. శాఖలున్నాయి, ఖాతాదారులున్నారు, డిపాజిట్లు మూలుగుతున్నాయి అన్నది ఆ వాదన. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా డిపాజిట్ల మొత్తాన్ని చూసి అప్పుల లక్ష్యం రాసుకోవడంతో మొదలవుతుంది. అప్పు కోసం వచ్చిన మనిషి కట్టగలడో లేదో లెక్క కట్టేవాళ్లు, వాయిదా తప్పిన రోజే వెళ్లి తలుపు తట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారో, అంతవరకే ఆ బ్యాంకు అప్పివ్వగలదు.

చట్టం సంగతి ముందు. చాలా దేశాల్లో పొదుపు బ్యాంకులు, ముఖ్యంగా తపాలా పొదుపు బ్యాంకులు, జనం డబ్బు తీసుకుని ప్రభుత్వ బాండ్లలో పెట్టడానికే పుట్టాయి. కెన్యా తపాలా పొదుపు బ్యాంకు దశాబ్దాల పాటు అప్పులిచ్చే అధికారం లేకుండానే నడిచింది. ఆ అధికారం ఇవ్వాలంటే మూలధనం పెంచాలి, పర్యవేక్షణ మార్చాలి. పైగా ఖజానాకు తేలిగ్గా వచ్చే డబ్బు తగ్గిపోతుంది కాబట్టి ఆర్థిక శాఖలు అంత సులువుగా ఒప్పుకోవు.

చట్టం మారిందనుకుందాం. ఉన్న డిపాజిట్లలో ఎంత కదిలించవచ్చు? పొదుపు ఖాతా డబ్బు అడిగిన క్షణంలో ఇవ్వాల్సింది. అప్పేమో ఏడాది పాటు వాయిదాల్లో తిరిగొస్తుంది. జనం డబ్బు తీసుకునే రోజులూ అప్పు అడిగే రోజులూ ఒకటే కావడం ఇందులో అసలు ఇబ్బంది. పెట్టుబడి సీజన్ వస్తే ఇద్దరూ ఒకేసారి కౌంటర్ ముందు నిలబడతారు. అందుకే ఏడాది చివరి నిల్వ చూసి మురిసిపోకూడదు. గత మూడేళ్లలో ప్రతి నెలా కనిష్ఠ నిల్వ ఎంతో రాసుకుని, వాటిలో అన్నిటికన్నా తక్కువదాన్ని పట్టుకోవాలి. అందులోంచి కూడా కొంత పక్కన పెట్టాక మిగిలేదే అప్పులకు పనికొచ్చే డబ్బు.

పాస్‌బుక్ ఉంది కదా, మనిషి చరిత్ర తెలిసినట్టే అంటారు. చదవడం వస్తే తెలుస్తుంది. ఒక పాస్‌బుక్‌లో నిల్వ 6,000 ఉందనుకోండి. ఒక వరుస పైకి వెళ్తే అందులో 5,500 పది రోజుల కిందటే ఒక్కసారిగా పడింది. అంతకు ముందు ఏడు నెలలు ఖాతాలో కదలికే లేదు. దరఖాస్తు కోసం చేబదులు తెచ్చి వేసిన డబ్బు సాధారణంగా ఇలాగే కనబడుతుంది. ఇంకో పాస్‌బుక్‌లో నిల్వ 900 మాత్రమే. కానీ ఏడాదిలో నలభై సార్లు 50, 100 చొప్పున జమైంది. మధ్యలో ఒకసారి 2,000 తీశారు, మళ్లీ కొద్దికొద్దిగా పూడ్చుకుంటూ వచ్చారు. వాయిదా కట్టే అలవాటున్న చెయ్యి రెండోది. నిల్వను బట్టి అప్పిచ్చే బ్యాంకు మొదటివారికే ఇస్తుంది.

అంత మంచి పాస్‌బుక్ కూడా సగం కథే చెబుతుంది. బయట ఉన్న అప్పులు అందులో కనబడవు. కాబట్టి మనిషి పనిచేసే చోటికి వెళ్లాల్సిందే. నిన్నటి అమ్మకం ఎంత, వారానికి సరుకు ఎంతకు కొంటున్నారు, ఇప్పుడు అరల్లో ఉన్నది ఎంత అని మూడూ విడివిడిగా అడిగి, ఒకదానితో ఒకటి సరిచూడాలి. రోజుకు 2,000 అమ్ముతున్నామంటూ వారం మొత్తానికి 4,000 సరుకే కొంటుంటే, ఆ రెండు అంకెల్లో ఒకటి తప్పు. ఆ తర్వాత ఇంటి ఖర్చు తీసేయాలి, బయటి అప్పుల వాయిదాలు తీసేయాలి. మిగిలినదాంట్లో మొదటి అప్పు వాయిదా మూడో వంతు దాటకపోవడం మంచిది. రోజూ అమ్ముకునేవారికి వారం వాయిదా, పంట మీద బతికేవారికి పంట చేతికొచ్చాక ఒకేసారి. అందరికీ నెల వాయిదాయే పెడితే కంప్యూటర్‌కు సుఖం, కట్టేవాళ్లకు కష్టం.

ఈ పని కౌంటర్‌లో కూర్చునే సిబ్బందితో అవుతుందనుకోవడం పెద్ద పొరపాటు. పొదుపులో జనం బ్యాంకును నమ్మితే చాలు. అప్పులో బ్యాంకు జనాన్ని అంచనా వేయాలి. క్యాషియర్ ఖాతాదారు రాక కోసం చూస్తాడు, ఫీల్డ్ ఆఫీసర్ తానే వెతుక్కుంటూ వెళ్తాడు. విడివిడిగా ఇచ్చే అప్పులైతే అనుభవమున్న ఆఫీసర్ కూడా 250, 300 మందిని మించి చూసుకోలేడు. కొత్తగా చేరినవాడు ఆ సంఖ్యకు చేరడానికి ఏడాది పైనే పడుతుంది. అప్పు సిఫారసు చేసిన మనిషే వాయిదా సొమ్ము చేత్తో తీసుకోకూడదు. ఈ ఒక్క నియమం సడలితే చాలు, లేని మనుషుల పేర్ల మీద అప్పులు పుట్టుకొస్తాయి. ఇక ఇచ్చిన అప్పుల సంఖ్యను బట్టి బోనస్ ఇచ్చే చోట పాత బాకీని కొత్త అప్పుతో సర్దేసి, రికవరీ నూటికి నూరు అని రాసేస్తారు.

వడ్డీ విషయంలో రాజకీయాలు ఎక్కువ, లెక్క తక్కువ. 10,000 అప్పును 12 సమాన వాయిదాల్లో కడితే, ఏడాదిలో సగటున బయట ఉండే అసలు దాదాపు 5,400. ఆ అప్పు పరిశీలనకు, వసూలుకు 900 ఖర్చయితే ఖర్చే 16 శాతం పైన పడింది. డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీ, మునిగిపోయే బాకీలు దీనికి అదనం. పొదుపు డబ్బు చౌక అన్న మాట కూడా సగమే నిజం. వడ్డీ తక్కువైనా, యాభై, వంద జమ చేసే ఖాతాను నడపడానికయ్యే ఖర్చు తక్కువేం కాదు. రేటు మీద గట్టి పరిమితి పెడితే బ్యాంకు చిన్న అప్పులు మానేసి పెద్దవే ఇస్తుంది. అలాగని ఖాతాదారుకు రేటు దాచడమూ తప్పే. నెలకు 2 శాతం ఫ్లాట్, అంటే అసలు తగ్గుతున్నా మొదట ఇచ్చిన మొత్తం మీదే వడ్డీ కట్టే పద్ధతి, అంటే ఏడాదికి 24 అనుకుంటారు. 10,000 మీద 2,400 వడ్డీ కలిపి 12 వాయిదాలు చేస్తే, తగ్గుతున్న అసలు మీద అది 41 శాతం దాటుతుంది. అందులో 2,000 ‘తప్పనిసరి పొదుపు’ అని ఆపేస్తే చేతికొచ్చేది 8,000, వడ్డీ మాత్రం పదివేల మీద. అప్పు తీసుకోని డిపాజిటర్లు కూడా ఇది గమనిస్తారు. మన డబ్బును కూడా ఇలాగే ఆపేస్తారేమోనన్న పుకారు ఒక్కటి చాలు, క్యూలు కట్టడానికి.

బాకీల కొలత గురించి పత్రికలు ఇంకాస్త గట్టిగా అడగాలి. వాయిదా 1,000 తప్పిన మనిషి దగ్గర ఇంకా 9,000 అసలు ఉంటే, ప్రమాదంలో ఉన్నది ఆ 9,000. తప్పిన వెయ్యినే చూపించే నివేదిక కళ్లకు గంతలు కడుతుంది. వేగంగా పెరిగే బ్యాంకులో ఇంకో మాయ ఉంది. మొత్తం అప్పులు 100, అందులో వాయిదా తప్పి 30 రోజులు దాటినవి 8 అంటే 8 శాతం. కొత్తగా మరో 100 ఇచ్చేస్తే, పాత 8 అలాగే ఉన్నా అది 4 శాతమైపోతుంది. రోగం తగ్గలేదు, రోగి లావయ్యాడంతే. ఏ నెలలో ఇచ్చిన అప్పుల్లో ఆరు నెలలకు ఎన్ని తప్పాయో నెలవారీగా చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

బాగా చేసినవారు లేకపోలేదు. ఇండోనేషియాలో ప్రభుత్వ బ్యాంకైన బ్యాంక్ రక్యత్ గ్రామ శాఖలు 1970ల్లో వరి సాగుకు సబ్సిడీ రుణాలు పంచి నష్టాల్లో కూరుకుపోయాయి. 1984లో కుపెదెస్ అనే అప్పు మొదలుపెట్టి, ఖర్చుకు సరిపడా వడ్డీ పెట్టారు. ఆరు నెలలు గడువు తప్పకుండా కట్టినవారికి అందులో కొంత వెనక్కిచ్చారు. పొదుపులో ఎన్నిసార్లయినా డబ్బు తీసుకునే వీలు కల్పించారు. కొన్నేళ్లలోనే డిపాజిట్లు అప్పులను దాటాయి. 1997-98 సంక్షోభంలో దేశంలోని పెద్ద బ్యాంకులు కుదేలైనా ఈ శాఖల వసూళ్లు నిలబడ్డాయి. పెరూలో 1982లో పియురా నగరంతో మొదలైన మున్సిపల్ పొదుపు బ్యాంకులు ముందు బంగారం తాకట్టు అప్పులిచ్చాయి, తర్వాత డిపాజిట్లు తీసుకున్నాయి, ఆ తర్వాతే చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చాయి. ఒక మెట్టు నిలిచాకే ఇంకో మెట్టు.

ప్రభుత్వ పొదుపు బ్యాంకులకు మరో గండం మాఫీ ప్రకటన. మాఫీ రాబోతోందన్న వార్త వస్తే చాలు, కట్టగలిగినవారు కూడా ఆగిపోతారు. అప్పుడు పోయేది అప్పే తీసుకోని లక్షలాది చిన్న డిపాజిటర్ల డబ్బు.

కాబట్టి విస్తరణ ప్రకటించే ప్రతి పొదుపు బ్యాంకునూ మీ విలేకరులు మూడు అంకెలు అడగాలని మనవి: 30 రోజులు దాటిన బాకీల మొత్తం అసలు, ఆరు నెలల కిందట ఇచ్చిన అప్పుల్లో తప్పినవి, ఒక్కో ఫీల్డ్ ఆఫీసర్ కింద ఉన్న ఖాతాలు. అవి చేతిలో లేని బ్యాంకు కొత్త శాఖలో అప్పుల కౌంటర్ తెరవకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు